పాత బోర్డులో పనికొచ్చే పార్టు: గుర్తుపట్టడం, పరీక్షించడం

మూలన పడేసిన టీవీ, ఇన్వర్టరు, సెల్‌ ఛార్జరు, ఎల్‌ఈడీ బల్బు, వీటిలో దేని మూత విప్పినా లోపల ఒక బోర్డు, దాని మీద పదుల నుంచి వందల దాకా పార్టులు కనిపిస్తాయి. ఆ వస్తువు పనిచేయడం మానేసిందంటే చాలాసార్లు చెడినవి రెండో మూడో. మిగతావన్నీ ఇంకా పనికొచ్చే స్థితిలోనే ఉంటాయి. వాటిని ఊడదీసి మరో రిపేరులో వాడాలంటే ముందు అది ఏ పార్టో తేలాలి, తరవాత అది బాగుందో లేదో తేలాలి. ఈ రెండింటిలో మొదటిదే కష్టం. ముద్ర చెరిగిపోయి ఉండవచ్చు, అసలు ముద్రే లేకపోవచ్చు, ముద్ర ఉన్నా అది రెండు వేర్వేరు పార్టులకు సరిపోవచ్చు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలో ఈ విద్యకు ప్రత్యేకమైన అవసరం ఉంది. వజ్రపుకొత్తూరు మండలంలోని మత్స్యకార గ్రామాల్లో వేట బోట్లకు జీపీఎస్‌లు, చేపల జాడ చూపే ఫిష్‌ ఫైండర్లు, వైర్‌లెస్‌ సెట్లు ఉంటాయి. పలాస జీడిపప్పు పరిశ్రమల్లో మోటార్లు, వాటి స్టార్టర్లు ఉంటాయి. కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి ఇళ్లలో ఇన్వర్టర్లు ఉంటాయి. మామూలు పార్టులు పలాస-కాశీబుగ్గ, టెక్కలి దుకాణాల్లో దొరికినా, అరుదైనది కావాలంటే విశాఖపట్నం నుంచో, హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచో తెప్పించుకోవాలి. ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. వలలు, బోట్లు బాగుచేసుకునే ఆ రోజుల్లో సెట్టు సిద్ధం కాకపోతే వేట మొదలయ్యే నాటికి ఇబ్బంది. అలాంటప్పుడు పాత బోర్డే దగ్గరి దుకాణం.

ఊడదీసిన పార్టు గురించి చెప్పగలిగేవి మూడు: దాని మీది రాత, అది బోర్డులో ఉన్న చోటు, మీటరు చూపే కొలత. ఏ ఒక్కదాన్నీ ఒంటరిగా నమ్మకూడదు. మూడూ ఒకే మాట చెప్పినప్పుడే ఆ పార్టు ఫలానా అని తేలినట్టు. అందుకే పని టంకం కరిగించడంతో మొదలు కాకూడదు. పార్టు ఊడిన క్షణాన దాని చోటు చెప్పే ఆధారం పోతుంది. ముందుగా బోర్డు రెండు వైపులా ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. బోర్డు మీద తెల్లటి అక్షరాలతో రాసిన గుర్తులు అందులో పడాలి. ఆర్‌ అంటే రెసిస్టరు, సి అంటే కెపాసిటరు, డి అంటే డయోడు, జెడ్‌డి అంటే జీనరు డయోడు, క్యూ అంటే ట్రాన్సిస్టరు, ఎల్‌ అంటే కాయిలు, ఎఫ్‌ అంటే ఫ్యూజు. ముద్ర లేని చిన్న గాజు పార్టు పక్కన జెడ్‌డి అని ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఆ బోర్డు ఎలా చెడిందన్నది కూడా అప్పుడే చూసుకోవాలి. ఈ తీరంలో బోర్డులు పాడయ్యే దారులు ముఖ్యంగా మూడు. మొదటిది తుపాను తెచ్చే ఓల్టేజీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో కూలాయి. లైన్లు తెగినప్పుడు, తిరిగి కలిపినప్పుడు న్యూట్రల్‌ తీగ ఒక్కటే తెగి ఉంటే 230 ఓల్టులు రావాల్సిన ఇంటికి 400 ఓల్టుల దాకా రావచ్చు. అలా దెబ్బతిన్న బోర్డులో ఫ్యూజు నల్లబడి ఉంటుంది. వేరిస్టరు పగిలి ఉంటుంది. బ్రిడ్జి డయోడ్లు, పెద్ద కెపాసిటరు, స్విచింగ్‌ మాస్‌ఫెట్‌ పోయి ఉంటాయి. కానీ నష్టం చాలావరకు కరెంటు లోపలికి వచ్చే వైపే ఆగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరుకు ఆవలి వైపున్న షాట్కీ డయోడ్లు, కెపాసిటర్లు, కాయిళ్లు తరచు క్షేమంగా ఉంటాయి. ఇలాంటి బోర్డులో కరెంటు వైపు పార్టు మీటరుకు బాగానే కనిపించినా దాన్ని కీలకమైన చోట వాడకపోవడమే మేలు. దెబ్బ తిని బతికిన సెమీకండక్టరు ఎప్పుడు చేతులెత్తేస్తుందో చెప్పలేం.

రెండోది ఉప్పు. సముద్రపు గాలి తెచ్చే తేమ రాగిని పచ్చగా మారుస్తుంది, టంకాన్ని తెల్లటి పొడి చేస్తుంది, పార్టు కాళ్లను పార్టు ఒంటి దగ్గరే కొరికేస్తుంది. అలాంటి బోర్డును ముందు శుభ్రమైన నీటితో, డిస్టిల్డ్‌ వాటర్‌ అయితే ఇంకా మంచిది, కడిగి, ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌తో తోమి, బాగా ఆరనిచ్చాకే కొలవాలి. తడి ఉప్పు కరెంటును పోనిస్తుంది కాబట్టి మంచి పార్టు కూడా లీకేజీ ఉన్నట్టు కనిపిస్తుంది. బోటు సెట్లలోని రిలేలు, స్విచ్చులు, వేరియబుల్‌ రెసిస్టర్లు లోపలికి గాలి పోయేవి. వాటిని ఉప్పు తిన్న బోర్డు నుంచి ఏరుకోవడం దండగ. గాజులోనో ఎపాక్సీలోనో మూసి ఉన్న డయోడ్లు, ఐసీలు మాత్రం కాళ్లు బాగుంటే పనికొస్తాయి.

మూడోది వయసు, అంటే వేడికి ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్‌ కెపాసిటర్లు. వీటి సంగతి తరవాత వస్తుంది.

చెయ్యి పెట్టే ముందు జాగ్రత్త. 230 ఓల్టుల ఏసీని డీసీగా మార్చిన పెద్ద కెపాసిటరు మీద దాదాపు 325 ఓల్టులు నిలుస్తాయి. ప్లగ్గు తీసేశాక కూడా అది కొంతసేపు, ఒక్కోసారి చాలాసేపు ఉంటుంది. స్క్రూడ్రైవరుతో రెండు కాళ్లూ కలిపి నిప్పురవ్వ రప్పించడం చాలామందికి అలవాటు. అది కెపాసిటరునూ బోర్డునూ రెండింటినీ పాడుచేస్తుంది, కంట్లో లోహపు తునక పడే ప్రమాదం ఉంది. 2.2 కిలో ఓమ్‌, 5 లేదా 10 వాట్ల రెసిస్టరుకు ఇన్సులేషన్‌ ఉన్న తీగలు తగిలించి కాళ్ల మధ్య పెడితే 100 మైక్రోఫారడ్‌ కెపాసిటరు రెండు మూడు సెకన్లలో ఖాళీ అవుతుంది. ఆ తరవాత మీటరుతో చూసి, సున్నా అని రూఢి చేసుకోవాలి. పాత బొమ్మగొట్టం టీవీలో ఆనోడు మీద ఇరవై వేల ఓల్టులకు పైగా ఉంటుంది. మైక్రోవేవ్‌ ఓవెన్‌లోని కెపాసిటరు ఒక్క దెబ్బకు ప్రాణం తీయగలదు. నేర్చుకునేవాళ్లు ఈ రెండింటి జోలికీ పోకూడదు. మైక్రోవేవ్‌ ఓవెన్‌ మాగ్నెట్రాన్‌లోనూ, పెద్ద వైర్‌లెస్‌ సెట్ల పవర్‌ ట్రాన్సిస్టర్లలోనూ ఉండే తెల్లటి లేదా గులాబీ రంగు పింగాణీ బెరీలియం ఆక్సైడు కావచ్చు. దాన్ని పగలగొట్టినా అరగదీసినా వచ్చే పొడి ఊపిరితిత్తులకు విషం.

ఊడదీయడంలో చెప్పుకోవాల్సింది తక్కువే. సీసం కలిసిన పాత టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసం లేని కొత్త టంకానికి 217 డిగ్రీలు దాటాలి. మొండికేసిన చోట కొంచెం కొత్త టంకం కలిపి కరిగిస్తే పాతది తేలిగ్గా వదులుతుంది, అప్పుడు టంకం పీల్చే సక్కరుతో లాగేయవచ్చు. బోర్డును మంట మీద పెట్టి దులపడం మాత్రం తగదు. పార్టులు లోపల చెడతాయి, వచ్చే పొగ మనిషికి హాని.

ఇక రాత చదవడం. రెసిస్టరు రంగుల పట్టీలు బడి పుస్తకాల్లోనూ ఉంటాయి: నలుపు 0, గోధుమ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. పసుపు, ఊదా, ఎరుపు, బంగారు అంటే 4,700 ఓమ్‌లు, 5 శాతం అటూ ఇటూ. మాడిపోయిన రెసిస్టరులో ఒక పట్టీ కనిపించనప్పుడు ఒక సంగతి అక్కరకొస్తుంది. ఈ విలువలు ఇష్టం వచ్చినట్టు ఉండవు. మామూలు వరసలో 10, 12, 15, 18, 22, 27, 33, 39, 47, 56, 68, 82 అనే అంకెలే వస్తాయి. మొదటి పట్టీ పసుపైతే రెండోది దాదాపుగా ఊదానే. అయితే వేడికి ఎరుపు గోధుమలా, నారింజ ఎరుపులా కనిపిస్తాయి కాబట్టి మీటరు మాటే చివరి మాట. రెసిస్టరు చెడితే సాధారణంగా విలువ పెరుగుతుంది లేదా పూర్తిగా తెగిపోతుంది. బోర్డులో ఉండగా కొలిచినప్పుడు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ చూపిందంటే అది చెడినట్టే. తక్కువ చూపిస్తే మాత్రం పక్క పార్టుల ప్రభావం కావచ్చు, ఒక కాలు ఎత్తి మళ్లీ కొలవాలి.

రంగు పట్టీలున్నదల్లా రెసిస్టరు కాదు. కొంచెం లావుగా, తరచు ఆకుపచ్చ ఒంటితో ఉండేది కాయిలు కావచ్చు. గోధుమ, నలుపు, నలుపు పట్టీలు రెసిస్టరుపై అయితే 10 ఓమ్‌లు, కాయిలుపై అయితే 10 మైక్రోహెన్రీలు. మీటరు 10 ఓమ్‌లు చూపితే రెసిస్టరు, ఒక ఓమ్‌ అటూ ఇటూగా చూపితే కాయిలు. ఇది తెలియక మంచి కాయిలును షార్టయిన రెసిస్టరనుకుని పారేసేవాళ్లున్నారు.

బిళ్లలా గుండ్రంగా ఉండే పార్టులు ఇంకా మోసం చేస్తాయి. ఛార్జరు బోర్డులో మూడు బిళ్లలు పక్కపక్కనే ఉండి, ఒకదాని మీద 471 అనీ, మరోదాని మీద 10డి471కె అనీ, ఇంకోదాని మీద 5డి-9 అనీ ఉండవచ్చు. మొదటిది 470 పికోఫారడ్ల సిరామిక్‌ కెపాసిటరు. రెండోది 470 ఓల్టుల వేరిస్టరు, కరెంటు హఠాత్తుగా పెరిగితే తాను బలై బోర్డును కాపాడేది. మూడోది 25 డిగ్రీల దగ్గర 5 ఓమ్‌లుండే, 9 మిల్లీమీటర్ల వెడల్పున్న థర్మిస్టరు, స్విచ్చి వేయగానే దూసుకొచ్చే కరెంటును అదుపు చేసేది. రాత పూర్తిగా చెరిగినా చోటు చెబుతుంది: వేరిస్టరు కరెంటు రెండు తీగల మధ్య అడ్డంగా ఉంటుంది, థర్మిస్టరు ఒక తీగ దారిలోనే ఉంటుంది. కొలత ఇంకా తేటగా చెబుతుంది. వేడి టంకం కర్ర దగ్గరగా పెడితే థర్మిస్టరు ఓమ్‌లు తగ్గుతాయి. మంచి వేరిస్టరు మీటరుకు పూర్తిగా తెగినట్టే కనిపిస్తుంది. ఓల్టేజీ దెబ్బలు తిన్న వేరిస్టరు ఒక్కో దెబ్బకూ బలహీనపడుతుంది, ఆ బలహీనత మామూలు మీటరుకు అందదు. తుపాను చూసిన బోర్డు నుంచి వేరిస్టరు తీసి వాడకూడదు, కొత్తదే కొనాలి.

మెకానిక్కులు కండెన్సరు అని పిలిచే కెపాసిటరులో మూడంకెల రాత పికోఫారడ్లలో ఉంటుంది. 104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, అంటే 0.1 మైక్రోఫారడ్‌. పక్కన జె ఉంటే 5 శాతం, కె ఉంటే 10 శాతం తేడా. ఎలక్ట్రోలైటిక్‌ మీద చార ఉన్న కాలు నెగటివ్‌. టాంటలం కెపాసిటరు మీద చార ఉన్న కాలు పాజిటివ్‌. ఈ ఒక్కటి తారుమారైతే టాంటలం మండుతుంది.

ఎలక్ట్రోలైటిక్‌ లోపల ద్రవం ఉంటుంది, వేడికి అది ఎండిపోతుంది. ప్రతి 10 డిగ్రీల వేడి తగ్గుదలకు ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందన్నది మొత్తం పరిశ్రమ వాడే లెక్క. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసినది 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు పనిచేయవచ్చు. అందుకే ఒకే బోర్డులో హీట్‌సింకుకు ఆనుకుని ఉన్న కెపాసిటరు పోతుంది, దూరంగా ఉన్నది నిలుస్తుంది. ఏరుకునేటప్పుడు చల్లటి మూలల్లోవే ఏరుకోవాలి. పైకప్పు ఉబ్బినా, అడుగున మరక ఉన్నా కొలవకుండానే పారేయవచ్చు. ఉబ్బనిదంతా మంచిదని కాదు. కెపాసిటెన్సు సరిగ్గా చూపి కూడా లోపలి నిరోధం, ఈఎస్‌ఆర్‌ అని పిలిచేది, పెరిగి ఉండవచ్చు. 1,000 మైక్రోఫారడ్ల కెపాసిటరులో అది ఓమ్‌లో చిన్న భాగమే ఉండాలి. ఒకటి రెండు ఓమ్‌లు చూపితే అది స్విచింగ్‌ సప్లైకి పనికిరాదు. లీకేజీ ఉన్న కెపాసిటరు కొన్ని మీటర్లలో ఉండాల్సిన దానికంటే ఎక్కువ విలువ చూపిస్తుంది. దాన్ని చూసి మంచి సరుకని మురిసిపోకూడదు. సీలింగ్‌ ఫ్యానులోని 2.5 మైక్రోఫారడ్ల కెపాసిటరు వేరే జాతి, అది ఏసీకి చేసిన ప్లాస్టిక్‌ పొర రకం. ఫ్యాను నెమ్మదించిందంటే తరచు దాని విలువ తగ్గి ఉంటుంది, అది మీటరులో వెంటనే తెలిసిపోతుంది.

ట్రాన్సిస్టర్లు, డయోడ్ల పేర్లలో మూడు ప్రాంతాల సంప్రదాయాలు కలిసిపోయి ఉన్నాయి. అమెరికా పద్ధతిలో 1ఎన్‌ అంటే డయోడు, 2ఎన్‌ అంటే ట్రాన్సిస్టరు, ఆ తరవాతి అంకెకు అర్థం ఏమీ ఉండదు, పట్టికలో చూసుకోవాల్సిందే. యూరప్‌ పద్ధతి అర్థవంతమైనది. మొదటి అక్షరం పదార్థం: ఎ అంటే జర్మేనియం, బి అంటే సిలికాన్‌. రెండోది పని: సి అంటే తక్కువ శక్తి ఆడియో, డి అంటే ఎక్కువ శక్తి ఆడియో, ఎఫ్‌ అంటే హై ఫ్రీక్వెన్సీ, యు అంటే పవర్‌ స్విచింగ్‌, వై అంటే రెక్టిఫయరు, జెడ్‌ అంటే జీనరు. భారత్‌ ఎలక్ట్రానిక్స్‌ సంస్థ ఈ పద్ధతినే పాటించింది. పాత రేడియోల్లో కనిపించే దాని ఏసీ128 జర్మేనియం ఆడియో ట్రాన్సిస్టరని పేరే చెబుతుంది. జపాను పద్ధతిలో 2ఎస్‌ఏ, 2ఎస్‌బీ అంటే పీఎన్‌పీ, 2ఎస్‌సీ, 2ఎస్‌డీ అంటే ఎన్‌పీఎన్‌, 2ఎస్‌జే, 2ఎస్‌కే అంటే ఫెట్‌లు. కానీ పార్టు మీద 2ఎస్‌ రాయరు. సీ1815 అని ఉన్నదాని పూర్తి పేరు 2ఎస్‌సీ1815, డీ882 అంటే 2ఎస్‌డీ882. ఈ చిన్న విషయం తెలియక డేటాషీట్‌ దొరకలేదని వదిలేసినవి ఎన్నో.

పేరు తెలిసినంత మాత్రాన కాళ్లు తెలిసినట్టు కాదు. చదును ముఖం మనవైపు పెట్టి ఎడమ నుంచి చూస్తే బీసీ547లో కలెక్టరు, బేస్‌, ఎమిటరు. 2ఎన్‌3904లో ఎమిటరు, బేస్‌, కలెక్టరు. సీ1815లో ఎమిటరు, కలెక్టరు, బేస్‌. మూడూ బయటికి ఒకేలా ఉంటాయి. మూడు కాళ్ల రెగ్యులేటర్లదీ అదే కథ. 7805 మధ్య కాలు గ్రౌండు, ఎల్‌ఎం317 మధ్య కాలు ఔట్‌పుట్‌. ఒకదాని స్థానంలో మరోదాన్ని పెడితే అదే కాకుండా దాని తరవాతున్న బోర్డు కూడా పోవచ్చు.

ఐసీల మీద రెండు మూడు వరసల రాత ఉంటుంది, అందులో ఒకటి తయారీ తేదీ. నాలుగంకెల్లో మొదటి రెండూ సంవత్సరం, తరవాతి రెండూ వారం. 9842 అంటే 1998లో 42వ వారం. 1974 నాటి ఐసీ మీద 7432 అని ఉంటే అది తేదీయా, పేరా? 7432 అనే లాజిక్‌ ఐసీ నిజంగానే ఉంది. ముందు వెనక అక్షరాలు అంటుకుని ఉన్న వరసే సాధారణంగా పేరు. రాత కనిపించనప్పుడు ఆల్కహాల్‌తో తుడిచి, పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు పడేలా టార్చి పట్టి, ఫోన్‌ కెమెరాతో పెద్దది చేసి చూస్తే లేజరుతో చెక్కిన అక్షరాలు బయటపడతాయి. ఆవగింజంత పార్టుల మీద పూర్తి పేరు పట్టదు కాబట్టి సంకేతం వేస్తారు. 1ఏఎం అంటే ఎంఎంబీటీ3904, ఏ7 అంటే బీఏవీ99, 702 అంటే 2ఎన్‌7002. ఒకే సంకేతాన్ని వేర్వేరు కంపెనీలు వేర్వేరు పార్టులకు వాడతాయి. ఇక్కడ చోటు, కొలత కలిసి రాకపోతే సంకేతానికి విలువ లేదు. ఏ రాతా లేని గోధుమరంగు చిప్‌ కెపాసిటర్ల విషయంలో కొలవడం తప్ప దారి లేదు, కొలిచినా వాటి ఓల్టేజీ తెలియదు. అది తెలియాలంటే బోర్డులో ఆ లైన్‌ ఎన్ని ఓల్టులదో ముందే రాసిపెట్టుకోవాలి.

రాత చెప్పలేని చోట మీటరు అందుకుంటుంది. డిజిటల్‌ మీటరులో డయోడు గుర్తున్న రేంజి అన్నిటికన్నా విలువైనది. మంచి సిలికాన్‌ డయోడు ఒక దిశలో 0.5 నుంచి 0.7 ఓల్టులు చూపి, రెండో దిశలో ఏమీ చూపదు. షాట్కీ 0.15 నుంచి 0.3, జర్మేనియం కూడా 0.2, 0.3 మధ్య. ఎర్ర ఎల్‌ఈడీ 1.8 దగ్గర, తెల్ల ఎల్‌ఈడీ 3 ఓల్టులకు కాస్త అటూ ఇటూగా మినుకుమంటుంది. కొన్ని మీటర్లకు అంత ఓల్టేజీ ఉండదు, అప్పుడు మంచి ఎల్‌ఈడీ కూడా వెలగదు. 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలయ్యాక ఇంటింటికీ వచ్చిన ఎల్‌ఈడీ బల్బుల్లో పాడైనవి విప్పి చూస్తే, నల్లటి చుక్క పడ్డ ఒక్క దీపం వల్ల వరస మొత్తం ఆరిపోయి ఉండటం మామూలు. మిగతా దీపాలను ఒక్కొక్కటిగా ఇలా పరీక్షించి తీసుకోవచ్చు.

పాత ముల్లు మీటరు వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఓమ్‌ల రేంజిలో దాని నల్ల తీగ పాజిటివ్‌, ఎర్ర తీగ నెగటివ్‌. డిజిటల్‌ మీటరులో దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇది తెలియకపోతే ఎన్‌పీఎన్‌ను పీఎన్‌పీ అని రాసిపెడతారు.

డిజిటల్‌ మీటరుతో పేరు లేని మూడు కాళ్ల పార్టు బేస్‌ను కనిపెట్టడం అంత కష్టం కాదు. ఎర్ర తీగ ఒక కాలికి పెట్టి, నల్ల తీగను మిగతా రెండింటికీ తాకిస్తే రెండుసార్లూ 0.6 దగ్గర కనిపించిందంటే ఎర్ర తీగ ఉన్నది బేస్‌, పార్టు ఎన్‌పీఎన్‌. నల్ల తీగ కదలకుండా ఉండి అలా వస్తే పీఎన్‌పీ. ఆ రెండు కొలతల్లో కొద్దిగా ఎక్కువ ఉన్నది ఎమిటరు, తక్కువ ఉన్నది కలెక్టరు. తేడా మిల్లీఓల్టుల్లోనే ఉంటుంది కాబట్టి మూడంకెలూ చూడాలి, పార్టు వేడిగా ఉన్నప్పుడు కొలవకూడదు. కలెక్టరు, ఎమిటరు మధ్య ఏ దిశలోనూ కొలత రాకూడదు. దీనికి మినహాయింపులున్నాయి. పాత కలర్‌ టీవీల హారిజాంటల్‌ ఔట్‌పుట్‌ ట్రాన్సిస్టర్లలో, బీయూ508డీ లాంటివాటిలో, కలెక్టరుకూ ఎమిటరుకూ మధ్య డయోడు, బేస్‌కూ ఎమిటరుకూ మధ్య చిన్న రెసిస్టరు లోపలే కట్టి ఉంటాయి. మీటరుకు అది షార్టయినట్టే కనిపిస్తుంది. మంచి పార్టు చెత్తబుట్టలో పడేది ఇక్కడే.

ఇన్వర్టర్లలో వరసగా నిలబడి ఉండే ఐఆర్‌ఎఫ్‌3205 వంటి మాస్‌ఫెట్‌లు ఏరుకోదగ్గవి. రాత ఎదురుగా పెడితే ఎడమ నుంచి గేటు, డ్రెయిను, సోర్సు. ఎర్ర తీగ సోర్సుకు, నల్ల తీగ డ్రెయినుకు పెడితే 0.4, 0.5 చూపాలి. తీగలు మారిస్తే ఏమీ చూపకూడదు. తరవాత నల్ల తీగ సోర్సు మీద ఉంచి ఎర్ర తీగను గేటుకు ఒకసారి తాకించి, ఆపై డ్రెయినుకు పెడితే మాస్‌ఫెట్‌ తెరుచుకుని కొలత దాదాపు సున్నాకు పడిపోతుంది. గేటునూ సోర్సునూ వేలితో కలిపి తాకితే మళ్లీ మూసుకుంటుంది. గేటుకు ఏ కాలితో నిరోధం కనిపించినా అది పోయినట్టే. ఒకే ఇన్వర్టరులో సగం మాస్‌ఫెట్‌లు షార్టయి ఉంటే మిగతా సగాన్ని కూడా ఇన్వర్టరులో మళ్లీ వాడకుండా, చిన్న మోటారు స్విచ్చు వంటి తేలికపాటి పనులకు ఉంచుకోవడం మంచిది.

గాజు ఒంటి డయోడ్లలో 1ఎన్‌4148కూ జీనరుకూ తేడా మీటరుకు కనిపించదు. ముందు దిశలో రెండూ 0.6 దగ్గరే. తేడా తెలియాలంటే ఎదురు దిశలో ఓల్టేజీ ఇవ్వాలి. మూడు 9 ఓల్టుల బ్యాటరీలను వరసగా కలిపితే 27 ఓల్టులు వస్తాయి. దానికి 4.7 కిలో ఓమ్‌ రెసిస్టరు వరసలో పెట్టి, డయోడు నల్ల పట్టీ ఉన్న కాలిని పాజిటివ్‌ వైపు ఉంచి, డయోడు రెండు కాళ్ల మధ్య ఓల్టేజీ చూడాలి. 12 చూపితే అది 12 ఓల్టుల జీనరు. మొత్తం 27 చూపితే అది మామూలు డయోడు కావచ్చు, అంతకన్నా పెద్ద జీనరైనా కావచ్చు. కరెంటు కొన్ని మిల్లీఆంపియర్లే కాబట్టి పార్టుకు హాని లేదు.

క్రిస్టళ్ల ఫ్రీక్వెన్సీ సాధారణంగా లోహపు డబ్బీ మీదే ఉంటుంది. 4.43 మెగాహెర్ట్‌జ్‌ ఉంటే అది మన దేశపు పాల్‌ పద్ధతి కలర్‌ టీవీ నుంచి వచ్చింది. సన్నటి గొట్టంలా ఉండి రాత లేనిది గోడ గడియారపు 32,768 హెర్ట్‌జ్‌ క్రిస్టల్‌ అయివుంటుంది. క్రిస్టల్‌ను మీటరుతో పరీక్షించలేం, చిన్న ఆసిలేటరులో పెట్టి మోగుతుందో లేదో చూడాలి. ఈ పనికి తెలుగు నేల మీదే మంచి ఉదాహరణ ఉంది. హైదరాబాదుకు చెందిన అమెచ్యూర్‌ రేడియో ఔత్సాహికుడు అష్‌హర్‌ ఫర్హాన్‌, కాల్‌సైన్‌ వీయూ2ఈఎస్‌ఈ, 2000ల తొలి సంవత్సరాల్లో బిటెక్స్‌20 అనే 14 మెగాహెర్ట్‌జ్‌ రేడియో సెట్టును రూపొందించారు. దిగుమతి సరుకు అవసరం లేకుండా టీవీ రిపేరు దుకాణంలో దొరికే మామూలు ట్రాన్సిస్టర్లు, టీవీ బాలున్‌ కోర్‌లతో అది తయారవుతుంది. కాయిళ్లు చుట్టడానికి కుళాయి వాషర్లు కూడా సరిపోయాయి. అందులోని ఫిల్టరుకు ఒకే రకం క్రిస్టళ్లు నాలుగు కావాలి. ఒకే రాత ఉన్న క్రిస్టళ్లు కూడా నిజంగా ఒకేలా ఉండవు కాబట్టి ఒక్కోదాన్ని ఆసిలేటరులో పెట్టి కొలిచి, దగ్గరగా ఉన్నవాటిని జత చేసుకోవాలి. ప్రపంచమంతటా వేలమంది ఆ సెట్టును ఇంట్లో కట్టుకున్నారు.

మూడు కాళ్లు పెట్టి బటన్‌ నొక్కితే పార్టు రకం, కాళ్ల క్రమం తెర మీద చూపే చిన్న టెస్టర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చౌకగా దొరుకుతున్నాయి. వీటి మూలం జర్మనీకి చెందిన మార్కుస్‌ ఫ్రేయెక్‌ రూపొందించి, కార్ల్‌-హైన్జ్‌ క్యూబెలర్‌ విస్తరించిన ప్రాజెక్టు. ఒక చిన్న మైక్రోకంట్రోలరు 680 ఓమ్‌, 470 కిలో ఓమ్‌ రెసిస్టర్ల ద్వారా మూడు కాళ్లకూ అన్ని రకాల కలయికల్లో ఓల్టేజీ ఇచ్చి, వచ్చిన ప్రతిస్పందన బట్టి పార్టును పోల్చుకుంటుంది. ఏరుకున్న పార్టులతో పనిచేసేవాళ్లు ముందు కొనాల్సిన పరికరం ఇదే. కాళ్ల క్రమంపై అనుమానమంతా ఒక్క క్షణంలో తీరుస్తుంది. దాని హద్దులు కూడా తెలిసి వాడాలి. ఇచ్చేది 5 ఓల్టులు, కొన్ని మిల్లీఆంపియర్లు మాత్రమే. గేటుకు ఎక్కువ కరెంటు కావాల్సిన పెద్ద థైరిస్టర్లను, ట్రయాక్‌లను గుర్తించలేక ఏదో డయోడనో, చెడిందనో చెబుతుంది. లోపల డయోడు, రెసిస్టరు కట్టిన ట్రాన్సిస్టర్లను చూసి తికమకపడుతుంది. చార్జి మిగిలి ఉన్న కెపాసిటరును అందులో పెడితే టెస్టరే పోతుంది.

ఈ పరీక్షలన్నీ తక్కువ ఓల్టేజీలో, తక్కువ కరెంటులో చేసేవి. పార్టు పనిచేసేది ఎక్కువలో. 5 ఓల్టుల దగ్గర బాగున్న ట్రాన్సిస్టరు 300 ఓల్టుల దగ్గర కూలవచ్చు. 1ఎన్‌4007నూ, వేగంగా మూసుకునే ఎఫ్‌ఆర్‌107నూ మీటరు ఒకేలా చూపుతుంది. కానీ స్విచింగ్‌ సప్లై ఔట్‌పుట్‌లో 1ఎన్‌4007 పెడితే నిమిషాల్లో మాడిపోతుంది. అందుకే చివరి పరీక్ష అసలు పనిలోనే, కాపలాతో. రిపేరు దుకాణాల్లో తరాలుగా వాడుతున్న సిరీస్‌ బల్బు దీనికి సరైనది. బాగుచేసిన బోర్డుకు 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బు వరసలో పెట్టి కరెంటు ఇస్తారు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే బోర్డు సవ్యంగా ఉంది. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉంది, బల్బే ఆ కరెంటును ఆపుతోంది. ఎల్‌ఈడీ బల్బుతో ఇది కుదరదు. ఇది నిలిచాక అసలు లోడు పెట్టి అరగంట నడిపి, ఆపి, ప్లగ్గు తీసి, పార్టు వేడిని చూడాలి.

కొత్త సరుకు కన్నా ఏరుకున్న పార్టే నమ్మదగ్గ సందర్భాలు ఉన్నాయి. 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 వంటి ఆంప్లిఫయరు ట్రాన్సిస్టర్లకు మార్కెట్లో నకిలీలు విస్తారంగా ఉన్నాయి. లోపల చిన్న చిప్‌ పెట్టి, పైన పెద్ద పేరు అచ్చేస్తారు. కంపెనీ ఆంప్లిఫయరులో ఏళ్ల తరబడి పనిచేసి, మరో కారణంతో పక్కన పడ్డ జత అసలుదే అయ్యే అవకాశం ఎక్కువ. హీట్‌సింకులు, ఫెర్రైట్‌ కోర్‌లు, ట్రాన్స్‌ఫార్మర్లు, మందపాటి తీగలు, కనెక్టర్లు, పెద్ద వాటేజీ రెసిస్టర్లు కూడా ఎన్నేళ్లయినా ఏరుకోదగ్గవే. పావలా విలువ చేసే రెసిస్టర్లను, వయసు మళ్లిన చిన్న ఎలక్ట్రోలైటిక్‌లను ఊడదీస్తూ గడిపే సమయం వృథా.

పరీక్షించిన పార్టును పేరు లేని డబ్బాలో పడేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. చిన్న జిప్‌ కవరులో వేసి పేరు, కొలత, ఏ బోర్డు నుంచి తీశారో, ఆ బోర్డు ఎలా చెడిందో చీటీ రాసి పెట్టాలి. ఉద్దానం గాలిలో కాళ్లు తుప్పు పట్టకుండా ఉండాలంటే మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్‌ పొట్లాలు వేయాలి, అవి తేమ పీల్చుకున్నాక వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. మాస్‌ఫెట్‌లు, ఐసీలను అల్యూమినియం రేకులో చుట్టి ఉంచితే స్థిరవిద్యుత్తు తాకదు. ఉబ్బిన లిథియం బ్యాటరీలను ఇంట్లో దాచకూడదు. పార్టులు తీసేయగా మిగిలిన బోర్డులు 2023 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల కిందికి వస్తాయి. వాటిని పాత ఇనుము కొట్టుకు వేస్తే రాగి కోసం కాల్చే అవకాశం ఉంది కాబట్టి, రిజిస్టరైన రీసైక్లరుకు చేరేదాకా పొడి చోట విడిగా ఉంచాలి.